కాషాయ రంగు ఫాంటమ్
సంస్థానాల వాహనాలు: తొమ్మిదో భాగం

గత భాగంలో చౌమహల్లా ప్యాలెస్‌లోని పసుపు రంగు రోల్స్ రాయిస్ గురించి చెప్పుకున్నాం. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా కోసం తయారవుతున్న ఆ కారును ఆయన ఎక్కలేకపోయారు. 1911లోనే కన్నుమూశారు. కారు మాత్రం హైదరాబాదుకు చేరి, ఇవాళ్టికీ ఆ ఊళ్లోనే ఉంది. సంస్థానాల కార్లలో అలా యజమాని గడప దగ్గరే మిగిలినవి తక్కువ. ఎక్కువ భాగం చేతులు మారాయి, దేశాలు దాటాయి. కొన్ని ఏమయ్యాయో వాటిని కొన్నవారి మనవలకే తెలియదు. ఈ భాగంలో చెప్పబోయే కారు కూడా అలా వెళ్లిపోయిందే. నలభై ఏళ్లకు పైగా పరాయి దేశాల్లో ఉండి తిరిగి వచ్చింది. దాని పుట్టిల్లు ఇంగ్లండు, మెట్టినిల్లు గుజరాత్‌లోని రాజ్‌కోట్.

1934లో రాజ్‌కోట్ ఠాకోర్ సాహెబ్ ధర్మేంద్రసింహ్‌జీ కోసం తయారైన రోల్స్ రాయిస్ ఫాంటమ్ టూ కాంటినెంటల్ అది. ఆ రోజుల్లో రోల్స్ రాయిస్ కంపెనీ పూర్తి కారు అమ్మేది కాదు. డెర్బీ ఫ్యాక్టరీలో ఇంజనూ చట్రమూ చేసి ఇచ్చేది. పై భాగమంతా కొనేవారు తమకు నచ్చిన బాడీ కంపెనీ దగ్గర కట్టించుకోవాలి. ఈ కారుకు బాడీ కట్టింది లండన్‌లోని థ్రప్ అండ్ మేబర్లీ. లోపలిది ఆరు సిలిండర్ల ఇంజను, ఏడున్నర లీటర్ల పైమాటే. కాంటినెంటల్ రకం మామూలు ఫాంటమ్ కంటే పొట్టి చట్రం మీద, యూరప్ రహదారుల్లో దూర ప్రయాణాలు వేగంగా చేయడానికి రూపొందించింది. మొత్తం తయారైనవే 280 చిల్లర.

దాని రంగు కాషాయం. బానెట్‌కు రంగు వేయకుండా అల్యూమినియాన్నే మెరుగు పెట్టి వదిలేశారు. ఎండలో ఆ తెల్లని మెరుపూ దాని వెనక కాషాయమూ ఒకేసారి కంటపడతాయి. పదమూడు దీపాలు. వాటిలో కొన్ని స్టీరింగు ఎటు తిరిగితే అటు తిరుగుతాయి. చీకట్లో మలుపు తిరిగేటప్పుడు దారి ముందే కనబడాలని ఆ ఏర్పాటు. రాణివాసం కోసం వెనక ప్రత్యేకమైన అద్దాలు: లోపలివారికి బయట కనబడుతుంది, బయటివారికి లోపల కనబడదు. తలుపుల మీద రాజ్‌కోట్ రాజచిహ్నం ఉంది. అన్ని మతాల ప్రజలనూ సమదృష్టితో చూసే పాలకుడని ఆ చిహ్నంలోని మాటకు భావం. తర్వాతి కాలంలో కార్లు సేకరించేవారు ఈ కారును స్టార్ ఆఫ్ ఇండియా అని పిలిచారు. ఆ పేరుతోనే ప్రపంచమంతా దానికి గుర్తింపు వచ్చింది.

వేలం కేటలాగుల్లో సాధారణంగా ఇంతవరకే ఉంటుంది. ఎవరు చేయించారు, ఎవరు బాడీ కట్టారు, ఎవరి చేతికి ఎప్పుడు వెళ్లింది. ఇవన్నీ కావాల్సిన వివరాలే. కానీ కారు చరిత్ర అంటే యజమానుల పేర్ల పట్టిక ఒక్కటే అయితే, దాన్ని కొనడానికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో అందులో ఉండదు. ఈ కారు విషయంలో ఆ డబ్బు కథ కారు కథ కంటే పెద్దది.

రాజ్‌కోట్ చిన్న సంస్థానం. తొమ్మిది తుపాకుల వందనం, సుమారు 75,000 జనాభా. అంత చిన్నదైనా కాఠియావాడ్ సంస్థానాల మీద పెత్తనం చేసే బ్రిటిష్ రెసిడెంటు మకాం అక్కడే కాబట్టి దానికి స్థాయికి మించిన ప్రాముఖ్యం ఉండేది. గాంధీజీ తండ్రి కరమ్‌చంద్ గాంధీ ఆ సంస్థానంలో దివాన్‌గా పనిచేశారు. గాంధీజీ చదువుకున్నది అక్కడి హైస్కూల్లోనే.

ధర్మేంద్రసింహ్‌జీ తండ్రి లాఖాజీరాజ్‌ను రాజ్‌కోట్ ప్రజలు ఇప్పటికీ తలచుకుంటారంటే కారణముంది. 1923లో ఆయన ప్రజాప్రతినిధి సభ ఏర్పాటు చేశాడు. తొంభై మంది సభ్యులు, వయోజనులందరికీ ఓటు. బ్రిటిష్ ఇండియాలోనే ఆస్తీ శిస్తూ చూసి ఓటిచ్చే రోజులవి. జాతీయ పాఠశాలకు స్థలం ఇచ్చాడు. పరిశ్రమలు పెట్టించాడు. సంస్థానాల చరిత్రలో ఇలాంటి పాలకుణ్ని వేళ్ల మీద లెక్కించవచ్చు. 1930లో ఆయన పోయాక ఇరవై ఏళ్ల కొడుకు గద్దెనెక్కాడు.

కొడుకు తండ్రి దారిన నడవలేదు. పాలన మొత్తం దివాన్ వీరావాలా చేతిలో పెట్టి తన విలాసాల్లో తాను ఉండిపోయాడు. ఖజానా కరిగిపోతుంటే దివాన్ ఆపలేదు. ప్రజాప్రతినిధి సభ మూలనపడింది. ఖర్చులకు డబ్బు చాలక దర్బారు ఇజారాలు అమ్మడం మొదలుపెట్టింది. అగ్గిపెట్టెలు అమ్మే హక్కు ఒకరికి, చక్కెర ఇంకొకరికి, బియ్యం మరొకరికి, సినిమా లైసెన్సు వేరొకరికి. ఇజారా కొన్న వ్యాపారి తన పెట్టుబడి రాబట్టుకునేది జనం దగ్గరే కదా. ధరలు పెరిగాయి. పొయ్యి వెలిగించుకోవడానికి కొనే అగ్గిపెట్టె మీద కూడా రాజుగారి ఖర్చు వచ్చి పడింది.

ఒక్క కారు వల్లే ఖజానా ఖాళీ అయిందని నేను అనను. అలా అనడం చరిత్రకు అన్యాయం. కానీ 1934లో లండన్‌లో ఈ కారుకు మెరుగులు దిద్దిన రోజులకూ, రాజ్‌కోట్‌లో కోపం రాజుకున్న రోజులకూ మధ్య ఉన్న దూరం చాలా తక్కువ. 1936లో సంస్థానం సొంత బట్టల మిల్లులో 800 మంది కార్మికులు మెరుగైన పని పరిస్థితుల కోసం ఇరవై ఒక్క రోజులు సమ్మె చేశారు. 1937 మార్చిలో కాఠియావాడ్ రాజకీయ పరిషత్తు సభకు పదిహేను వేల మంది వచ్చారు. బాధ్యతాయుత ప్రభుత్వం కావాలి, పన్నులు తగ్గాలి, రాజ్య ఖర్చు తగ్గాలి అని అడిగారు. దర్బారు పలకలేదు.

1938 ఆగస్టులో గోకులాష్టమి జాతర వచ్చింది. ఆ జాతరలో జూదం నడిపే హక్కును కూడా దర్బారు అమ్మేసింది. కృష్ణాష్టమి జాతరలో సర్కారు అనుమతితో జూదమా అని జనం నిరసనకు దిగారు. ముందు బ్రిటిష్ ఏజెన్సీ పోలీసులు కొట్టారు, తర్వాత సంస్థానం పోలీసులు కొట్టారు. ఊరంతా బంద్ అయింది. సెప్టెంబరులో సర్దార్ పటేల్ వచ్చి పరిషత్తు సభకు అధ్యక్షత వహించారు. ఆయన దర్బారు ముందు పెట్టిన కోరికల్లో రెండింటిని ఈ సందర్భంలో గుర్తుంచుకోవాలి. ఇజారాలన్నీ రద్దు చేయాలన్నది ఒకటి. ఖజానా నుంచి రాజు తీసుకునే సొమ్ముకు హద్దు పెట్టాలన్నది రెండోది.

తర్వాత సాగిన సత్యాగ్రహం కాఠియావాడ్ అంతకు ముందు చూడనిది. రైతులు శిస్తు కట్టడం మానేశారు. ఇజారా సరుకు ముట్టలేదు. సంస్థానం నేసిన బట్టా, సంస్థానం ఇచ్చే కరెంటూ వద్దన్నారు. సంస్థానం బ్యాంకు ముందు తమ డబ్బు వెనక్కి తీసుకునేవాళ్లు బారులు తీరారు. మిల్లు ఆగింది, విద్యార్థులు బయటికొచ్చారు. ఖజానాలోకి వచ్చే దారులన్నీ మూసేయడమే వాళ్ల పద్ధతి. రాజు ఖర్చును ప్రశ్నించడానికి ఇంతకన్నా సూటైన మార్గం నాకు కనబడదు.

అదే ఏడాది హైదరాబాదు సంస్థానంలో కూడా జైళ్లు నిండుతున్నాయి. నిజాం ప్రభుత్వం నిషేధించిన స్టేట్ కాంగ్రెస్ అక్టోబరులో సత్యాగ్రహం మొదలుపెట్టింది. ఉస్మానియా విద్యార్థులు వందేమాతరం పాడినందుకు చదువులు పోగొట్టుకున్నారు. డిసెంబరులో గాంధీజీ సలహా మేరకు స్టేట్ కాంగ్రెస్ తన సత్యాగ్రహాన్ని నిలిపేసింది. సరిగ్గా అప్పుడే, డిసెంబరు 26న, రాజ్‌కోట్‌లో ఠాకోర్ సాహెబ్ పటేల్‌తో ఒప్పందానికి వచ్చాడు. తన సొంత ఖర్చుకు పరిమితి ఒప్పుకున్నాడు. సంస్కరణల కమిటీలో పది మందికి ఏడుగురిని పటేల్ సూచించవచ్చన్నాడు. దేశంలోని సంస్థానాల ప్రజలంతా రాజ్‌కోట్ వైపు ఆశగా చూశారు.

ఒప్పందం నెల రోజులు కూడా నిలవలేదు. బ్రిటిష్ అధికారుల అండతో, వీరావాలా సలహాతో ఠాకోర్ సాహెబ్ మాట తప్పాడు. పటేల్ ఇచ్చిన పేర్లు తోసిపుచ్చాడు. సత్యాగ్రహం మళ్లీ మొదలైంది. కస్తూర్బా ఆరోగ్యం బాగోలేకపోయినా రాజ్‌కోట్ వచ్చి అరెస్టయ్యారు. ఆమెను ఊరికి దూరంగా త్రంబా గ్రామంలో నిర్బంధించారు. 1939 మార్చి 3న గాంధీజీ స్వయంగా రాజ్‌కోట్‌లో నిరాహార దీక్షకు కూర్చున్నారు. ఇచ్చిన మాట నిలబెట్టుకోమనడమే ఆ దీక్షలోని కోరిక. ఈ రాజవంశానికి తండ్రి దివాన్‌గా పనిచేసిన మనిషి, అరవై తొమ్మిదేళ్ల వయసులో, ఆ వంశపు యువకుణ్ని మాట మీద నిలబడమని పస్తు పడుకున్నాడు.

అదే నెలలో జరిగిన త్రిపురి కాంగ్రెస్ మహాసభకు గాంధీజీ ఎందుకు వెళ్లలేదని అడిగితే చాలామంది సుభాష్ చంద్రబోస్‌తో వచ్చిన విభేదాన్నే చెబుతారు. కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నికలో మన పట్టాభి సీతారామయ్య బోస్ చేతిలో ఓడిపోవడం, ఆ ఓటమి తనదేనని గాంధీజీ అనడం తెలుగువారికి బాగా తెలిసిన సంగతే. కానీ ఆ మార్చిలో ఆయన రాజ్‌కోట్‌లో ఉన్నారనీ, దీక్ష చేసి బలహీనపడ్డారనీ పక్కన పెట్టి త్రిపురి చరిత్ర చెప్పడం కుదరదు. వైస్రాయ్ లిన్‌లిత్‌గో కల్పించుకోవడంతో మార్చి 7న దీక్ష విరమించారు. ఫెడరల్ కోర్టు ప్రధాన న్యాయమూర్తి మారిస్ గ్వైయర్ ఏప్రిల్ 3న పటేల్ వాదనే సరైనదని తీర్పిచ్చారు. అయినా దర్బారు కులాల మధ్య, మతాల మధ్య చిచ్చు పెట్టి అమలును అడ్డుకుంది. కారు తలుపు మీది మాటకూ దర్బారు చేసిన పనికీ పొత్తు ఎక్కడా కనబడదు. మే నెలలో గాంధీజీ ఆ తీర్పు ఫలాన్నే వదులుకున్నారు. వైస్రాయ్ చేత ఒత్తిడి చేయించడం అహింసకు మచ్చ అని ఆయన భావించారు.

ఇది జరిగిన మరుసటి ఏడాది, 1940లో, ధర్మేంద్రసింహ్‌జీ గిర్ అడవిలో సింహం వేటకు వెళ్లి ప్రాణాలు పోగొట్టుకున్నాడు. ముప్పై ఏళ్లవాడు. తమ్ముడు ప్రద్యుమ్నసింహ్‌జీ గద్దెనెక్కాడు. అన్న వదిలిన కార్లతో పాటు అన్న వదిలిన చెడ్డపేరు కూడా ఆయనకే దక్కింది. 1948లో రాజ్‌కోట్ సౌరాష్ట్రలో కలిసిపోయింది.

ఇక కారు. స్వాతంత్ర్యం వచ్చిన తర్వాతి ఇరవై ఏళ్లు సంస్థానాల గ్యారేజీలకు గడ్డుకాలం. లీటరు పెట్రోలుకు రెండు మూడు కిలోమీటర్లు నడిచే బండ్లవి. సామాను ఇంగ్లండు నుంచి రావాలి, దిగుమతికి లైసెన్సు దొరకదు. 1953లో ఎస్టేట్ డ్యూటీ, 1957లో సంపద పన్ను వచ్చాయి. 1967 నాటికి రాజభరణాలు రద్దు చేయాలన్న మాట కాంగ్రెస్‌లోనే గట్టిగా వినబడింది. 1971లో అవి రద్దయ్యాయి కూడా. పెద్ద కారు కొనగలిగేవారు దేశంలో లేరు. బయటి నుంచి వచ్చేవారికి డబ్బుంది, ఎక్కడ ఏ కారు ఉందో చెప్పే దళారులున్నారు. ఆ కాలంలో గుజరాత్, రాజస్థాన్, మైసూరు గ్యారేజీల నుంచి ఓడలెక్కిన కార్లు ఎన్నో. ఒక్కోసారి తూకం లెక్కన ఇనుముకు పోయినవీ ఉన్నాయి. 1970ల తొలి ఏళ్లలో ప్రభుత్వం పాత కార్ల ఎగుమతిని నిషేధించేసరికి మేలిరకానివి చాలా భాగం వెళ్లిపోయాయి.

రాజ్‌కోట్ ఫాంటమ్ 1968లో వెళ్లింది. బిల్ మెరెడిత్ ఓవెన్స్ అనే బ్రిటిష్ సేకర్త చేతికి చేరింది. అక్కడి నుంచి అమెరికాకు, కాలిఫోర్నియాలో ఇళ్ల నిర్మాణంతో కోటీశ్వరుడైన విలియం లయన్ సేకరణలోకి పోయింది. తర్వాత మళ్లీ మెరెడిత్ ఓవెన్స్ దగ్గరికే వచ్చింది. ఒకసారి అమ్ముకున్న కారును తిరిగి కొనుక్కున్నాడంటే ఆయనకు దాని మీద ఎంత మమకారమో అర్థమవుతుంది.

ఇన్ని చేతులు మారినా జాడ తప్పకపోవడానికి కారణం కాగితం. రోల్స్ రాయిస్ ప్రతి చట్రానికీ ఒక సంఖ్య ఇచ్చి, దానికో కార్డు రాసేది. ఆర్డరు ఇచ్చింది ఎవరు, బాడీ కట్టేది ఎవరు, ఏ దేశపు రోడ్ల కోసం, ఎప్పుడు పరీక్షించారు అన్నవి అందులో ఉంటాయి. ఆ కార్డులు ఇంగ్లండులో నార్తాంప్టన్‌షైర్‌లోని పాలర్స్‌పరీ గ్రామంలో, రోల్స్ రాయిస్ అభిమానుల క్లబ్బు భవనంలో భద్రంగా ఉన్నాయి. మన జమీందారీ కుటుంబాల్లో ఎవరి తాతగారికైనా రోల్స్ రాయిస్ ఉండి ఉంటే, వెతుకులాట మొదలుపెట్టాల్సిన చోటు అదే. ఫోటోలో రంగు చూసి, దీపాలు చూసి ఇదే మా కారు అనుకోవడానికి వీల్లేదు. రంగు మారుతుంది. బాడీ మొత్తం విప్పి వేరేది కట్టినవీ ఉన్నాయి. చట్రం మీద కొట్టిన అంకె మాత్రం మారదు.

కాగితం లేనిచోట కథలు పుడతాయి. రోల్స్ రాయిస్ షోరూములో అవమానం జరిగిందని కోపగించి ఒక మహారాజు కార్లు కొని చెత్త ఊడ్చే బండ్లుగా వాడించాడన్న కథ మీరూ వినే ఉంటారు. ఆల్వార్ వారు చెబితే అది ఆల్వార్ రాజు, భరత్‌పూర్ వారు చెబితే భరత్‌పూర్ రాజు, హైదరాబాదులో చెబితే నిజాం. రాజు పేరు మారినా కథ మారదు, ఆధారం ఎక్కడా దొరకదు. రాజుల ఆత్మాభిమానం గురించి ఆ కథ విని మురిసిపోయేవారు, కార్ల బిల్లులు కట్టిన జనం గురించి కూడా ఒకసారి ఆలోచించాలని నా కోరిక.

2010లో స్టార్ ఆఫ్ ఇండియా మొనాకోలో వేలానికి వచ్చింది. అంతర్జాతీయ పత్రికలన్నీ దాని గురించి రాశాయి. ఈసారి దాన్ని దక్కించుకున్నది రాజ్‌కోట్ వంశానికి చెందిన మాంధాతసింహ్ జడేజా. ధర్మేంద్రసింహ్‌జీకి మనవడని కొన్ని పత్రికలు రాశాయి గానీ, వరస సరిగ్గా చెప్పాలంటే తమ్ముడి మనవడు. అప్పట్లో 1950కి ముందు తయారైన కార్లను దేశంలోకి తెచ్చుకునే వీలున్నా కస్టమ్స్ సుంకం భారీగా ఉండేది. అవన్నీ దాటి కారు మళ్లీ రాజ్‌కోట్ చేరింది, వారి రంజిత్ విలాస్ ప్యాలెస్‌కు.

ఈ కొనుగోలును వట్టి డాబుగా కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. ఈ వంశం 1940 దగ్గర ఆగిపోలేదు. మాంధాతసింహ్ తండ్రి మనోహర్‌సింహ్‌జీ సౌరాష్ట్ర తరఫున రంజీ క్రికెట్ ఆడి, తర్వాత ఓట్లు అడిగి గెలిచి, గుజరాత్ ప్రభుత్వంలో ఆర్థిక మంత్రి అయ్యారు. పెదనాన్న ఏలుబడిలో ప్రజాప్రతినిధి సభ మూలనపడితే, ఈయన శాసనసభ ముందు నిలబడి ప్రతి పద్దుకూ జవాబు చెప్పారు. లాఖాజీరాజ్ 1923లో వేసిన విత్తు ఆ ఇంట్లో పూర్తిగా ఎండిపోలేదని దీన్ని బట్టి అనుకోవచ్చు. ప్రజల సొమ్ముతో వచ్చి, అమ్ముడుపోయిన కారును నలభై రెండేళ్ల తర్వాత సొంత డబ్బు పోసి తెచ్చుకోవడం కూడా చిన్న మార్పేమీ కాదు.

అయితే కారు తిరిగొచ్చాక రాజ్‌కోట్‌కు ఒక బాధ్యత మిగిలింది. గాంధీజీ చదివిన ఆల్ఫ్రెడ్ హైస్కూలు 2018 నుంచి మ్యూజియంగా మారింది. ఇప్పుడు ఆ ఊళ్లోనే ఒక చోట ఆయన చదువుకున్న గదులున్నాయి, ఇంకో చోట ఈ కారుంది. ప్రదర్శనల్లో ఈ కారు పక్కన పెట్టే బోర్డు మీద ఇంజను లీటర్లూ, బాడీ కంపెనీ పేరూ, యజమానుల వరసా రాస్తే సరిపోదు. 1938లో ఈ ఊరి రైతులు శిస్తు ఆపారనీ, ఇజారా అగ్గిపెట్టె ముట్టలేదనీ, ఈ కారు యజమాని ఖర్చుకు హద్దు పెట్టమని అడిగి లాఠీ దెబ్బలు తిన్నారనీ కూడా రాయాలి. డెర్బీ కార్మికుడి పనితనాన్ని మెచ్చుకున్నట్టే రాజ్‌కోట్ మిల్లు కార్మికుణ్నీ తలచుకోవాలి. ఆ రెండో భాగం రాస్తే కారు విలువ తగ్గదు. అంతటి చరిత్ర ఉన్న ఫాంటమ్ టూ ప్రపంచంలో ఇంకొకటి ఉంటుందని నేను అనుకోను.

వచ్చే భాగంలో కలకత్తా వీధుల్లో తిరిగి, నాభా మహారాజు చేతికి వెళ్లి, ఆఖరికి నెదర్లాండ్స్ మ్యూజియంలో స్థిరపడిన హంస ఆకారపు కారు గురించి చెప్పుకుందాం.